వార్తాపాఠ పరిష్కరణము

తాళపత్ర గ్రంథములను పరిష్కరించువారు ఒక్క ప్రతిని మాత్రమే నమ్మి గ్రంథమును ప్రకటింపరు. ఒక ప్రతిలో లేఖకుని ప్రమాదముండును. వేఱొకదానిలో పత్రములు శిథిలమై యుండును. మఱియొకదానిలో లేఖకుని పోషించిన ప్రభువు మెప్పుకొఱకు చేరిన పద్యములుండును. కావున పరిష్కర్త ప్రతులను సేకరించి, పాఠములను పోల్చి, ప్రక్షిప్తములను వేఱుచేసి, లుప్తభాగములను గుర్తించి, పిమ్మటనే యిది కవిపాఠమని నిర్ణయించును. మూడునాలుగు వందల యేండ్ల క్రిందటి ప్రబంధముపట్ల ఈ శ్రమనంతయు మన మోపికతో జేయుచున్నాము. కాని ప్రతిదినము ఉదయమున మన గుమ్మమున బడు గ్రంథమొకటి కలదు. దానినిబట్టి ఓటు వేయుచున్నాము; దానినిబట్టి పొరుగువానిని మెచ్చుచున్నాము, ద్వేషించుచున్నాము. దానిపట్ల మాత్రము ఒక్క ప్రతినే చదివి, అదియే మూలమని నమ్ముచున్నాము. ఆ గ్రంథము వార్తాపత్రిక.

సాహిత్య పరిశోధనమునకు అంకితమైన యీ పుటలలో దినపత్రికల చర్చ యేల యని కొందఱడుగవచ్చును. వార్తయు వాఙ్మయమే. దానికి కర్త కలడు, లేఖకుడు కలడు, పోషకుడు కలడు, శైలి కలదు, పాఠభేదములు కలవు. ప్రబంధమునందలి పాఠదోషమువలన ఒక యలంకారము చెడును. వార్తయందలి పాఠదోషమువలన ఒక గ్రామము బ్రతుకు చెడును. కనుక పరిష్కరణ శాస్త్రమునకు ఇచ్చటనే అధికమైన పని కలదని మా యభిప్రాయము. కర్నూలు, కడప సీమలకు సంబంధించిన యుదాహరణములతో దీనిని నిరూపింప యత్నించెదము.

ముందుగా ఒక చిన్న పాఠభేదమును జూతము. 2009 లో మరణించిన ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి పేరును 2010 లో ప్రభుత్వము కడప జిల్లాకు బెట్టెను. నాటినుండి కొన్ని పత్రికలు 'వైయస్సార్ జిల్లా' యనియు, కొన్ని 'కడప' యనియు వ్రాయుచు వచ్చినవి. 2025 లో ప్రభుత్వము రెంటిని గలిపి 'వైయస్సార్ కడప' యని సవరించెను. ఊరు అదియే, సంగతి యదియే. అయినను జిల్లాపేరు చదివినంతనే ఆ ప్రతి యే శాఖకు జెందినదో పాఠకునకు దెలియుచుండెను. తాళపత్రమున మొదటి శ్లోకమును జూచి లేఖకుని మతమును గుర్తించుట యిట్టిదే. 1928 నవంబరులో నంద్యాల సభలలో 'దత్తమండలములు' అను మాటను విడిచి 'రాయలసీమ' యను మాటను స్వీకరించిన పెద్దలకు పేరులోని యీ రహస్యము చక్కగా దెలియును. 1800 లో నిజాము ఈ సీమలో జాలభాగమును కుంపిణీవారి కప్పగించిన సంగతిని మొదటి మాట దినదినము జ్ఞాపకము చేయుచుండెను. రెండవ మాట సీమవారు తమ్మును గూర్చి తాము చెప్పుకొను చరిత్ర.

పరిష్కరణ చర్చకు కడపకంటె దగిన యూరు లేదు. 1820 లో కడపకు వచ్చిన చార్లెసు ఫిలిప్పు బ్రౌను అచ్చట బంగళా కొని, తన జీతమునుండి పండితులను లేఖకులను పోషించి, ఒక్కొక్క కావ్యమునకు పెక్కు ప్రతులు దెప్పించి పోల్పించెను. ఆ బంగళా యుండిన తావున నేడు ఆయన పేర గ్రంథాలయమును భాషాపరిశోధన కేంద్రమును నెలకొని యున్నవి. బ్రౌను పద్ధతిని వార్తలకు అన్వయించితిమేని నాలుగు ప్రశ్నలు తేలును. ఈ ప్రతినుండి తీసివేయబడిన దేది? దీనిని వ్రాయించిన దెవరు? అతని కొఱకు చేర్చబడిన దేది? ప్రతులన్నిటియందును లేని దేది? మొదటిది నిషేధమునకు, నడిమి రెండును యాజమాన్యమునకు సంబంధించినవి. నాలుగవది యన్నిటికంటె కఠినమైనది.

పత్రికలు లేని కాలమున గూడ ఈ సీమ ఒకే వార్తకు రెండు పాఠములను వినియున్నది. 1846 లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోవెలకుంట్ల ఖజానాపై బడెను. 1847 ఫిబ్రవరి 22 న కుంపిణీవారు ఆతనిని కోవెలకుంట్లలో ఉరిదీసిరి. దొరతనమువారి లేఖలలో ఆతడు తిరుగుబాటుదారు. పల్లెలలో పాడుకొనిన వీరగాథలో ఆతడు ధర్మము దప్పని దొర. లేఖ వ్రాసినవాడు కుంపిణీ జీతగాడు. పాట పాడినవాడు ఊరివారు పెట్టిన గింజలు దిన్నవాడు. ఇరువురకును పోషకులున్నారు. రెంటిని గలిపి చదివినవానికి మాత్రమే తవర్జీ తగాదాయు, ఇనాములు పోగొట్టుకొనిన కట్టుబడి బంట్రోతుల కడుపుమంటయు గోచరించును. ఒక పాఠముతో దనివి నొందినవాడు దొంగనో దేవునినో చూచును గాని మనుష్యుని చూడడు.

ఇక లుప్తపాఠముల సంగతి. కర్నూలున 1883 లో జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908 లో బెజవాడనుండి 'స్వరాజ్య' వారపత్రికను నడపుచు, తిరునల్వేలి కాల్పులను తీవ్రముగా ఖండించు వ్యాసమును ప్రకటించెను. శిక్షాస్మృతిలోని 124-ఏ విధి ననుసరించి ఆయనపై రాజద్రోహము మోపబడి, మూడేండ్ల కారాగారశిక్ష విధింపబడెను. పత్రికా ప్రకాశకుడగు బోడి నారాయణరావును శిక్షకు లోనయ్యెను. ఆ 124-ఏ విధి 1870 లో స్మృతియందు జేర్చబడినది. 'స్వరాజ్య' దండింపబడిన 1908 లోనే బాలగంగాధర తిలకును ఆ విధి క్రిందనే శిక్షితుడయ్యెను.

ఇచ్చట పరిశోధకుడు గమనింపదగిన సూక్ష్మమొకటి కలదు. తెలుగు పత్రికలను మదరాసు ప్రభుత్వము తెలుగున జదువలేదు. ప్రభుత్వానువాదకులు దేశభాషా పత్రికలనుండి వలసిన వాక్యముల నేరి, ఆంగ్లమున వారపు నివేదికలు సిద్ధపఱచుచుండిరి. అధికారి కోపము మూలముపై గాక యనువాదముపై లేచుచుండెను. విపరీతమేమన, ఆ కాలపు పెక్కు చిన్నపత్రికల సంచికలు నేడు లభింపవు. వాని మాటలు ఆ నివేదికలయందే తునియలుగా మిగిలియున్నవి. చార్వాకుల సిద్ధాంతము ప్రతివాదుల పూర్వపక్షములలో మాత్రమే మనకు దక్కినట్లు, నోరు మూయబడినవారి మాట నోరు మూసినవాని దస్తరములో దక్కినది. కావున నిషేధకుని దస్తరము గూడ ఒక ప్రతియే. కాని యది యేరినవాని ప్రతి, ఏరనిది యందుండదు.

లోపములు రెండు విధములు. 1975 జూను 25 న అత్యవసర పరిస్థితి ప్రకటింపబడి సెన్సారు వచ్చినప్పుడు, 'ఇండియన్ ఎక్స్‌ప్రెస్' జూను 28 నాటి సంచికలో సంపాదకీయపు తావును ఖాళీగా వదలెను. ఇది నిజాయతీగల లోపము. పరిష్కర్త 'ఇచ్చట గ్రంథపాతము' అని గుర్తుపెట్టి విడిచిన తావువంటిది. పాఠకుడు ఆ తెలుపును జూచి నిట్టూర్చును, ఆలోచించును. రెండవది కానరాని లోపము: తీసివేసిన తావును వేఱొక మాటతో బూడ్చుట. అది లోపమని యెవరికిని దోపదు. 1977 తరువాత అట్టి సెన్సారు మరల రాలేదు గాని, పూడ్చిన లోపములు మాత్రము తఱుగలేదు.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట దండించు చేయి మాఱెను, దండము మాఱలేదు. 2007 ఫిబ్రవరిలో రాజశేఖరరెడ్డి ప్రభుత్వము ప్రభుత్వమునకు విరుద్ధముగా అసత్యవార్తలు వ్రాయు పత్రికలపై వ్యాజ్యములు వేయుటకు అధికారుల కనుమతి నిచ్చు ఉత్తరువును వెలువరించెను. 2019 అక్టోబరు 30 న ఆయన కుమారుడు జగన్మోహనరెడ్డి ప్రభుత్వము 2430 సంఖ్యగల ఉత్తరువుచే ఆ యధికారమును ఆయా శాఖల కార్యదర్శులకు విస్తరింపజేసెను. 2021 మే నెలలో టీవీ5, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి వార్తాసంస్థలపై రాష్ట్ర నేరపరిశోధక శాఖ మోపిన యభియోగములలో నూటపదమూడేండ్ల క్రిందట గాడిచర్లవారిని జెఱసాలకు బంపిన 124-ఏ విధియే కలదు. మే 31 న సుప్రీముకోర్టు ఆ సంస్థలపై బలవంతపు చర్యలు కూడదని ఆజ్ఞాపించెను. 2022 మే 11 న ఆ విధినే నిలిపివేసెను. 2024 జూలై 1 నుండి పాత స్మృతి పోయి క్రొత్త న్యాయసంహిత వచ్చెను. అందు రాజద్రోహమను మాట లేదు గాని, 152 వ విధిలో దేశ సార్వభౌమత్వమునకు భంగకరములగు చేష్టలను దండించు నిబంధన కలదు.

ఇది యొక పక్షమువారి దోషమే యని తలచుట యపచారము. 2024 జూనులో రాష్ట్రమున ప్రభుత్వము మాఱినంతనే, అంతకుముందు పాలించిన పక్షమునకు అనుకూలములని పేరుబడిన వార్తాప్రసారములను కొందఱు కేబులు వ్యాపారులు నిలిపివేసిరి. వానిని పునరుద్ధరింపుమని ఢిల్లీ హైకోర్టు చెప్పవలసివచ్చెను. 2025 జూనులో సాక్షి టెలివిజనులో ఒక యతిథి యాడిన యనుచితమగు మాటకై ఆ చర్చను నడపిన వ్యాఖ్యాతను పోలీసులు నిర్బంధింపగా, కొలదిదినములలోనే సుప్రీముకోర్టు ఆతనిని విడిపించెను. కేబులు తీగను గోయుట 1908 నాటి దొరలకు దెలియని విద్య. అందు ఉత్తరువు లేదు, విచారణ లేదు, శిక్ష లేదు. తెర చీకటి యగును, అంతే. పూడ్చిన లోపమునకు దీనికంటె బూర్ణమైన యుదాహరణము దొరకదు.

కోర్టు మెట్లెక్కని నిషేధము మఱియొకటి కలదు. 2021 ఆగస్టులో నంద్యాలలో యూట్యూబు వార్తలు నడపు విలేఖరి యొకడు హత్యగావింపబడెను. ఆ కేసున పోలీసు కానిస్టేబులే నిందితుడు. 2024 ఫిబ్రవరిలో కర్నూలులోని 'ఈనాడు' కార్యాలయముపై, ఒక శాసనసభ్యుని గూర్చి వ్రాసిన వార్తకు గినిసిన యనుచరులు దాడి చేసిరి. పెద్దపత్రికకు గోడలుండును, న్యాయవాదులుందురు. ఊరి విలేఖరికి ద్విచక్రవాహనమును చరవాణియు మాత్రమే యుండును. జీతము స్వల్పము, పెక్కుచోట్ల ప్రకటనలు సేకరించు భారమును వానిదే. ఉదయమున ఎవని తప్పును వ్రాయవలెనో, సాయంకాలము వానినే ప్రకటన యడుగవలెను. ఇట్టివాని కలమున ఏది లోపించినదో యే నివేదికయందును నమోదు గాదు.

ఇక 'వ్రాయించిన దెవరు' అను ప్రశ్నకు వత్తము. మన ప్రబంధకవులు కృతిపతిని దాచియుండలేదు. అవతారికలో ఆతని వంశమును వర్ణించి, షష్ఠ్యంతములతో అంకితమిచ్చి, పిమ్మటనే కథ నారంభించిరి. అవతారికలోని పొగడ్తను ఎంతవఱకు నమ్మవలయునో పాఠకునకు దెలియును. నేటి వార్తకును కృతిపతి కలడు గాని, అవతారిక కథలోనే కలిసిపోయినది. పత్రిక చివరి పుట యడుగున ముద్రాపకుడు, ప్రకాశకుడు, సంపాదకుడు అను మూడు పేరులతో చిన్న యక్షరముల పంక్తి యొకటి యుండును. 1867 నాటి ముద్రణ చట్టము క్రింది నియమములను బట్టి, ఏటేట ఫిబ్రవరి ముగిసినంతనే యజమానుల వివరములను పత్రికలే యచ్చువేయవలసి యుండెను. 2024 మార్చినుండి ఆ చట్టమునకు మాఱుగా 2023 నాటి క్రొత్త చట్టము నడచుచున్నది. ఆ ప్రకటనయే వార్తాపత్రికకు ఆశ్వాసాంత గద్యము. దానిని ఎందఱు చదివియుందురో పాఠకులు తమ్ము తామే యడుగుకొందురు గాక.

కృతిపతి యుండుట దోషము గాదు. 1908 లో బొంబాయియందు వారపత్రికగా బుట్టి, 1914 లో మదరాసున దినపత్రికయైన 'ఆంధ్రపత్రిక'ను కాశీనాథుని నాగేశ్వరరావు తన యమృతాంజన వ్యాపారపు సొమ్ముతో నిలిపెను. 1937 నవంబరు 16 న కోస్తా, రాయలసీమ నాయకులు కూడి యొడంబడిక చేసికొనినది మదరాసులోని ఆయన గృహమగు శ్రీబాగుననే. అనగా రాయలసీమ రాజకీయ చరిత్రలో మిక్కిలిగా పేర్కొనబడు పత్రము ఒక పత్రికాధిపతి యింట బుట్టినది. 'ఆంధ్రప్రభ'ను రామనాథ గోయెంకా 1938 లో నెలకొల్పెను. దానికి తెలుగునాట గౌరవము గడించిపెట్టిన సంపాదకుడు నార్ల వేంకటేశ్వరరావు 1959 లో దానిని విడిచెను. 1960 లో ఆయన సంపాదకత్వమున విజయవాడనుండి 'ఆంధ్రజ్యోతి' వెలసెను. పత్రిక సంపాదకుని పేరున నిలుచును గాని తాళపుచెవి యజమాని మొలనుండును. లేఖకుని చేవ్రాలెంత యందమైనదైనను, తాళపత్రముల పెట్టె ప్రభువుది.

1974 ఆగస్టు 10 న విశాఖపట్టణమున రామోజీరావు 'ఈనాడు'ను స్థాపించెను. చిట్టీలు మొదలు చిత్రనిర్మాణశాల వఱకు పెక్కు వ్యాపారములుగల యాయన పత్రిక 1982 లో బుట్టిన తెలుగుదేశమునకు దోడ్పడిన విధము తెలుగువారెల్లరు నెఱుగుదురు. ఆ పత్రికయే 1992 లో నెల్లూరు జిల్లా స్త్రీల సారా వ్యతిరేకోద్యమమునకు పుటలకు పుటలు గేటాయించి, పల్లెమాటను రాష్ట్రపు మాటగా జేసెను. 1993 లో సారా నిషేధమును, 1995 లో సంపూర్ణ మద్యనిషేధమును వచ్చెను. పక్షముగల ప్రతిలోను సత్పాఠము లుండునని దీనివలన దేలుచున్నది. 2008 మార్చి 24 న ఒక్కదినముననే 23 సంచికలతో 'సాక్షి' వెలువడెను. దాని స్థాపకుడు నాటి ముఖ్యమంత్రి కుమారుడు. తనకు వ్యతిరేకముగా వ్రాయుచున్న వానిని 'ఆ రెండు పత్రికలు' అని పేరెత్తకయే సభలలో దెప్పిన రాజశేఖరరెడ్డి చిత్రము, ఆయన మరణానంతరము ఆ పత్రికా శిరస్సున నిలిచెను. ఒక విధమున నిది పాఠకునకు మేలే. కృతిపతి చిత్రము మొదటి పుటనే యుండగా అవతారిక యెచ్చటనో వెదకవలసిన పని లేదు.

అయితే కృతిపతియు రాజును ఒక్కడైనప్పుడు సంకటము పుట్టును. 2022 లో జగన్మోహనరెడ్డి ప్రభుత్వము గ్రామ, వార్డు స్వచ్ఛందసేవకులకు పత్రిక కొనుటకై నెలకు 200 రూపాయల చొప్పున నిచ్చుటకు ఉత్తరువు చేసెను. ఉత్తరువున నే పత్రిక పేరును లేదు. కాని తగిన పత్రిక యొక్కటియే యగునట్లు షరతులు కూర్చబడినవని 'ఈనాడు' యాజమాన్యము న్యాయస్థానమున కెక్కెను. 2023 లో సుప్రీముకోర్టు ఆ వ్యాజ్యమును ఢిల్లీ హైకోర్టునకు మార్చెను. నిషేధము పాఠమును దీసివేయును; ఇట్టి పోషణము ఒక్క పాఠమునే వేలకొలది ప్రతులుగా వ్రాయించును. ఫలమొక్కటియే.

చేర్పులు తీసివేతలు ఒక్క వార్తయందు గలిసిన విధమును చూచుటకు పులివెందులకు బోదము. 2019 మార్చి 15 ఉదయమున మాజీ మంత్రి వై.యస్. వివేకానందరెడ్డి తన యింట మరణించియుండెను. తొలి గంటలలో గుండెపోటను మాట ప్రసారమయ్యెను. ఆ దినముననే యది హత్యయని తేలెను. ఎన్నికలు ముంగిటనుండుటచే, నేరస్థుడెవడో దర్యాప్తు చెప్పకమున్నే ఒక్కొక్క శాఖ ప్రతులలో ఒక్కొక్క దుష్టపాత్ర నిర్ణయమయ్యెను. 2020 లో హైకోర్టు దర్యాప్తును కేంద్ర నేరపరిశోధక సంస్థ కప్పగించెను. 2022 నవంబరులో సుప్రీముకోర్టు విచారణను హైదరాబాదునకు మార్చెను. 2024 ఏప్రిలులో, ఎన్నికల ప్రచారమున ఆ హత్యను గూర్చి మాటలాడరాదని కడప న్యాయస్థానము కొందఱు నాయకులను నిరోధించెను. మే నెలలో సుప్రీముకోర్టు ఆ నిరోధమును నిలిపివేసెను. నేరనిర్ణయము న్యాయస్థానముల పని. మన కిందు గ్రాహ్యమైనది యొక్కటి: 'గుండెపోటు' అను ప్రథమపాఠము ఎవరినుండి వచ్చినది, ఎట్లు వ్యాపించినది, ఎప్పుడు సవరింపబడినది యని పాఠకుడు తేదీలతో వ్రాసికొనియుండిన యెడల, తరువాతి పాఠములను ఎంత తూకముతో జదువవలయునో ఆతనికే తెలిసియుండును. సవరణను దాచిన ప్రతి మొదటి ప్రమాదముకంటె పెద్ద దోషము చేసినదగును.

ఇక నాలుగవ ప్రశ్న. పరిష్కరణ శాస్త్రమున ఒక సూత్రము కలదు: పరస్పర విరోధముగల రెండు శాఖల ప్రతులు ఒక విషయమున నేకీభవించిన యెడల అది మూలపాఠమగుట మిక్కిలి సంభావ్యము, కాని రెండును ఒకే తప్పును జేసియుండిన యెడల రెంటికిని మాతృక యొక్కటియే. రెండు శత్రుపత్రికలలో ఒక కార్యాలయపు వార్త ఒకే మాటలతో కనబడినప్పుడు, అది సత్యమునకు సాక్ష్యము గాదు. ఒకే కాగితమునుండి యిరువురు నెత్తివ్రాసిరనుటకు సాక్ష్యము.

రెంటను లేని సంగతులు మఱింత ముఖ్యములు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రస్తావన రాగా, కర్నూలు న్యాయరాజధాని యగునని చెప్పబడెను. ఒక శాఖ ప్రతులలో నది వికేంద్రీకరణము. వేఱొక శాఖలో అమరావతికి భూములిచ్చిన రైతులకు ద్రోహము. 1953 అక్టోబరు 1 నుండి 1956 అక్టోబరు 31 వఱకు కర్నూలు రాజధానియై యుండుటయు, శ్రీబాగు ఒడంబడికయు మాటిమాటికి స్మరింపబడెను. కాని మా కంటబడినంతలో, ఆ యొడంబడికలో రాజధాని, హైకోర్టుల మాటతోబాటు కృష్ణా, తుంగభద్రా, పెన్నా జలములలో రాయలసీమకు మొదటి యక్కఱ దీర్పవలెనను నిబంధనను బట్టించుకొనిన వ్రాతలు అరుదు. భవనములను గూర్చి రెండు శాఖలును బోరాడినవి; నీటిమాట రెండు ప్రతులయందును బలుచనయ్యెను.

ఇందులకొక యాంతరంగిక కారణము కలదు. 1989 నుండి 'ఈనాడు' మొదలిడి, పిమ్మట నందఱు ననుసరించిన జిల్లా పుటల పద్ధతి పల్లెవార్తకు జోటిచ్చెను. ఇది పెద్ద మేలు. కాని ఆ వార్తకు జిల్లా సరిహద్దే గోడయయ్యెను. కోసిగి, కౌతాళము, పెద్దకడబూరు ప్రాంతములనుండి సంసారములు బిడ్డలతో గూడ గుంటూరు మిరపచేలకు వలసపోవు సంగతి కర్నూలు పుటలలో వచ్చును. ఆ కూలీలచే మిరపకాయలు గోయించుకొను గుంటూరు రైతు దానిని జదువడు. ఆతని చేతిలోనిది గుంటూరు ప్రతి. తుమ్మలపల్లె యురేనియము గనివలన నీరు చెడుచున్నదని చుట్టుపట్ల పల్లెలవారు పెట్టు మొఱ కడప పుటలు దాటి పోవుట యరుదు. తీసివేయబడలేదు, అసత్యము చేర్చబడలేదు. అయినను రాష్ట్రమున కది లుప్తపాఠమే. ఏ నిషేధకుడును లేకయే సాధింపబడిన నిషేధమిది.

పాఠకుని కన్నుగప్పు మఱియొక ప్రక్షిప్తము ధనమిచ్చి వేయించుకొనిన వార్త. 2009 ఎన్నికలలో దీని విస్తారమును జూచి, భారత పత్రికామండలి పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి అను నిరువురిని విచారణకు నియమించెను. పత్రికల పేరులతో వారు సమగ్రమగు నివేదిక సమర్పింపగా, 2010 లో మండలి దానిని బూర్తిగా ప్రకటింపక, సంక్షేపమునే వెలువరించెను. కేంద్ర సమాచార కమిషను ఆజ్ఞచే 2011 లో మూలము వెలుగు జూచెను. ప్రక్షిప్తములను బట్టియిచ్చిన గ్రంథమే లుప్తమయ్యెననిన, ఈ రోగమునకు వేఱుగ వ్యాఖ్యానము వలదు.

ఇచ్చట పూర్వపక్షము రెండు విధములుగా లేచును. పత్రికలన్నియు పక్షపాతములే యైనచో దేనిని నమ్మక యుండుటయే మేలు గదా యని కొందఱందురు. ఇది యవివేకము. ప్రతులన్నిట దోషములున్నవని బ్రౌను గ్రంథములను దగులబెట్టలేదు; దోషములున్నవి గనుకనే యెక్కువ ప్రతులు దెప్పించెను. దేనిని నమ్మననువాడు తుదకు చరవాణిలో తనకు నచ్చిన బంధువు పంపిన యనామకపు మాటను నమ్మును. దానికి లేఖకుని పేరు గూడ లేదు. ఒక్క పత్రిక కొనుటయే భారమైన కరవుసీమ కూలికి ఈ పరిష్కరణ మెట్లు సాధ్యమని రెండవ పూర్వపక్షము. ఇది న్యాయమైన యాక్షేపణ. దీనికి సమాధానము గ్రంథాలయమే. గాడిచర్ల హరిసర్వోత్తమరావు చెఱసాలనుండి వచ్చిన పిమ్మట గ్రంథాలయోద్యమమునకును వయోజనవిద్యకును తన జీవితమున జాలభాగము ధారవోసెను. పత్రిక వ్రాసి శిక్ష ననుభవించినవాడు చదువరిని సిద్ధపఱుచుటకు బూనుట యాకస్మికము గాదని మా తలపు. గ్రామ గ్రంథాలయపు బల్లపై విరోధపత్రికలు రెండు ప్రక్కప్రక్కన నుండిన యెడల, పేదవానికి గూడ పాఠభేదములు లభించును.

ఈ వ్యాసకర్తయు నిర్దోషి కాడు. ఇంటికి దశాబ్దములుగా వచ్చుచుండిన యొక్క పత్రికనే చదివి, రెండవదానిని చేతబట్టుటయే యెగ్గుగా భావించిన దినములు గలవు. ఆ దినములలో మాకు నిషేధాజ్ఞ నిచ్చిన ప్రభుత్వము లేదు, తీగ గోసిన వ్యాపారి లేడు. కులమును, పక్షమును, అలవాటును జేరి మా యింటనే సెన్సారు కచ్చేరి పెట్టినవి. ఈ సీమలో పత్రిక చందా ఓటువలె కుటుంబాచారమైన యిండ్లు పెక్కులు గలవు. పాఠకుడే యొక ప్రతిని నిషేధించుకొనునప్పుడు యజమానికిని ప్రభుత్వమునకును బని తఱుగును.

కావున మా మనవి యింతియే. ముఖ్యమని తోచిన వార్త నొకదానిని వారమున కొక్కసారియైన రెండు శాఖల ప్రతులలో జదువవలెను. యజమానుల ప్రకటనను జదువవలెను. మొదటి దినపు పాఠమును దాచి, పదవ దినపు పాఠముతో బోల్చవలెను. తమ యూరి సంగతి రెంటను లేకున్న, లేదని వ్రాసికొనవలెను. ఆ లేమి గూడ చరిత్రయే. 1908 లో తిరునల్వేలి కాల్పులను గూర్చి వ్రాసినందులకు కర్నూలువాడొకడు మూడేండ్లు శిక్షితుడయ్యెను. ఆ మాట పలుకుటకు ఆయన చెల్లించిన వెల యది. దానిని సరిగా జదువుటకు మనము చెల్లింపవలసినది రెండు పత్రికల వెలయు, అరగంట యోపికయు మాత్రమే.

అలమతివిస్తరేణ.